చీమ పెట్టిన సాక్షి

ఆఫీసులో ఆమెను అందరూ చీమ అనేవాళ్ళు. మనిషి పొట్టి, నడక గబగబ. నోట్లోంచి ఒక మాట రాలిందంటే ఆ పూటకు అదే గొప్ప. ఒంటికి మించిన బరువు ఎత్తుకుని గోడ వెంబడి పోతూ ఉంటుంది కాబట్టి చీమ. పేరు పెట్టినవాడు వెక్కిరింపుకే పెట్టాడు. చీమ ఏనుగు చెవిలో దూరితే ఏమవుతుందో మాత్రం ఆలోచించలేదు పాపం.

రక్తపరీక్షలు చేసే ల్యాబులకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే చిన్న కంపెనీ అది. మూడో అంతస్తు, తెరుచుకోని కిటికీలు, పొద్దస్తమానం గుర్రుమనే ఏసీ. చీమ ఇరవై రెండేళ్ళ వయసులో అక్కడ చేరింది. ల్యాబుల నోటుపుస్తకాల్లోని అంకెలను కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఆమె పని. ఎక్కిస్తూ ఎక్కిస్తూ, ఎక్కించుకునేది ఎలా తయారైందో చూసింది. చూస్తూ చూస్తూ నేర్చుకుంది. ఎవరూ నేర్పలేదు. నేర్పుతామని వచ్చినవాళ్ళు కూడా ఆమె మొహం చూసి, ఈమెకేం వస్తుందిలే అని లేచి వెళ్ళిపోయారు.

ఆ రోజుల్లో ఆ సాఫ్ట్‌వేర్ అంతా ఒకే ముద్ద. ఇటు మేకు కొడితే అటు గోడ కూలేది. చీమ ఒకరోజు కంపెనీ పెద్దాయన దగ్గరికి వెళ్ళి, దీన్ని ముక్కలు చేసి ఒక చట్రంలో బిగిస్తానంది. పెద్దాయన పెన్ను మూత కొరుకుతూ, "చెయ్యమ్మా, నీ రోజువారీ పని ఆగకుండా చూసుకో చాలు" అన్నాడు. అంటే ఒక జీతానికి రెండు పనులన్నమాట. ఆమె మూడేళ్ళు చేసింది.

చట్రాన్ని వాళ్ళ భాషలో ఫ్రేమ్‌వర్క్ అంటారు. పెద్దమాట అని జడుసుకోవద్దు. ఉమ్మడి కుటుంబం అనుకోండి. వంటింటికి అత్తగారు ఒకతి, ఆమే ఫ్రేమ్‌వర్క్. కోడళ్ళు అయిదారుగురు, వాళ్ళే ప్లగిన్లు. ఒక కోడలు రక్తం గొట్టం మీది చీటీ చదువుతుంది. ఒకతి యంత్రం చెప్పిన అంకెలు మోసుకొస్తుంది. ఇంకొకతి ఆ అంకె ఈ వయసువాళ్ళకు ఎక్కువా తక్కువా అని చూస్తుంది. మరొకతి రిపోర్టు అచ్చువేస్తుంది. ఈ తోడికోడళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. మాట్లాడుకుంటే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? గడప దాటిన రోజునే ప్రతి కోడలూ అత్తగారికి రెండు ముక్కలు చెప్పాలి: నాకేం కావాలి, నేనేం ఇస్తాను. ఆ రెండూ విని ఎవరి వంతు ముందో, ఎవరిది తర్వాతో అత్తగారే తేలుస్తుంది. అంకెలు కావాలన్న కోడలు, అంకెలు తెచ్చే కోడలు వచ్చేదాకా నోరు మూసుకుని కూర్చోవాలి. ఇద్దరికీ అవే అంకెలు కావాలి, ఒకరితో ఒకరికి పని లేదు అంటే, ఇంట్లో ముందు కాలు పెట్టినదానిదే ముందు వంతు.

మధ్యలో ఒక అల్మరా ఉంటుంది. చేసింది అందులో పెట్టాలి, కావలసింది అందులోంచి అడిగి తీసుకోవాలి. తాళంచెవి మాత్రం అత్తగారి బొడ్లోనే. అడిగినవాళ్ళకు ఆమె అసలు వస్తువు ఇవ్వదు. దానికి నకలు తీసి ఇస్తుంది. ఆ నకలు చింపుకో, నలుపుకో, నీ ఇష్టం. అల్మరాలో అసలు చెక్కుచెదరదు. పెట్టిన కోడలు తప్ప దాన్ని ఇంకెవరూ మార్చలేరు. చీమ మూడేళ్ళ కష్టంలో సగం ఈ ఒక్క కట్టుబాటుకే అయిపోయింది.

ఇంట్లో ఈ సంగతి చెబితే, ఆమె అత్తగారు కుట్టుమిషను ఆపి కళ్ళజోడు పైనుంచి చూసింది. మొగుడు బస్సు నడపడానికి పోతే ఇంట్లో మిగిలేది వాళ్ళిద్దరే.

"అంటే నన్ను తీసుకెళ్ళి నీ కంప్యూటర్లో కూర్చోబెట్టావన్నమాట."

"మీరు కాదత్తయ్యా. మీకంటే మంచిది. తిట్టదు."

"తిట్టని అత్తని కోడళ్ళు లెక్కచేస్తారటే పిచ్చిమొహమా?"

చట్రం నిలబడింది. ముప్ఫై ల్యాబుల్లో నడిచింది. నాలుగో ఏడు కంపెనీలోకి నెమలి వచ్చాడు.

నెమలి అంటే నెమలే. రోజుకో రంగు చొక్కా, మెడ తిప్పి మాట్లాడే తీరు, గదిలోకి వచ్చే ముందే వచ్చే సెంటు వాసన. అంకెలను రంగురంగుల పట్టీలుగా గీసి చూపించే ప్లగిన్ రాయడానికి వాడిని పెట్టుకున్నారు. వచ్చిన రోజునుంచీ చీమ చుట్టూ అక్కా అక్కా అని తిరిగాడు. "అక్కా, ఈ వంతులెలా తేలుస్తుందో ఒక్కసారి చెప్పవూ? అక్కా, ఈ అల్మరా సంగతేంటి?" అక్కా అని పిలిచేవాడికి కడుపులో ఏముందో అనుకోని వెర్రిబాగులది, ఆరు వారాలు కూర్చోబెట్టి చెప్పింది. కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పింది. వాడు ఆ కాగితం కూడా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఏడాదికోసారి జరిగే పెద్ద మీటింగులో ఆ కాగితమే తెర మీదికి ఎక్కింది, రంగులు పూసుకుని. దాని ముందు నిలబడి నెమలి, "నేను కట్టిన చట్రం ఇది" అన్నాడు. మూడో వరసలో చీమ కూర్చునే ఉంది. చుట్టూ చప్పట్లు. సొమ్మొకడిది, సోకొకడిది.

మర్నాడు పెద్దాయన గదికి వెళ్ళింది.

"అది నేను కట్టిందండీ."

"నాకు తెలీదా అమ్మా? నువ్వు కడతావు, అతను మాట్లాడతాడు. కస్టమరుకి కావాల్సింది మాట."

"మరి నా పేరు?"

"పేరుదేముందమ్మా, అంతా ఒక కుటుంబం."

ఆ వారంలోనే ప్రతి ఫైలు నెత్తిన ఉండే ఆమె పేరు పోయి నెమలి పేరు వచ్చింది. ఆమెను తీసుకెళ్ళి ఫోన్ల గదిలో పడేశారు. లిఫ్టు పక్కన పాత అట్టపెట్టెల మధ్య ఒక టేబులు, రెండు ఫోన్లు. ల్యాబులవాళ్ళు ఫోన్ చేసి తిడితే పడాలి, అదే పని. లిఫ్టు కదిలినప్పుడల్లా టేబులు మీద గ్లాసు వణికేది.

కొన్నాళ్ళకు ఆమె చెవిన పడింది: నెమలి చట్రంలోని అత్తగారి చేత నకళ్ళు మాన్పించేశాడట. అల్మరాలో అసలు వస్తువే అడిగినవాళ్ళ చేతికి ఇచ్చేస్తోందట. లిఫ్టు దగ్గర కాపు కాసి మరీ పట్టుకుంది.

"నకళ్ళు తీసేశావట?"

"స్పీడు కోసమక్కా. కస్టమర్లకి స్పీడు కావాలి."

"అసలే చేతికిస్తే ఎవరో ఒకరు గీకేస్తారు."

"ఎవరు గీకుతారక్కా? అన్నీ మన ప్లగిన్లేగా!" నవ్వాడు. లిఫ్టు తలుపు మూసుకుంటుంటే కాలు అడ్డంపెట్టి మరీ అన్నాడు: "నువ్వు ఫోన్లు చూసుకో. మోగుతున్నాయి."

ఆ మాట లోపల ముల్లులా దిగబడింది. దాన్ని పీక్కోవాలని ఆమె అనుకోలేదు. రోజుకోసారి తడిమి చూసుకునేది, ఉందా లేదా అని. ఉండేది.

ఏడు నెలలు గడిచాయి. ఒక పొద్దున ఫోన్ మోగింది. చేసింది, కొత్తగా తమ సాఫ్ట్‌వేర్‌కు ఒప్పుకున్న పెద్దాసుపత్రి ల్యాబులో అందరికంటే పెద్ద మేడమ్. ఇంకో మూడు వారాల్లో అక్కడ చట్రం నడపాలి.

"ఎవరమ్మా?"

"సపోర్టండీ."

"సపోర్టో గిపోర్టో, మనిషివేగా? మీ రిపోర్టులకి పాయింట్లు తెలియవా? యంత్రం మీద పొటాషియం అయిదు పాయింట్ నాలుగు. మీ కాగితం మీద అయిదు. ఆ పాయింట్ నాలుగు ఎవరు మింగారు?"

చీమ కుర్చీ ముందుకు లాక్కుంది.

"మేడమ్, అసలు రోగుల గొట్టాలేమైనా పెట్టారా?"

"ఇంకా లేదు. నమూనా గొట్టాలే."

"నేను చెప్పేదాకా ఒక్కటి కూడా పెట్టకండి. ఇంతకీ ముందు ఏ ప్లగిన్ ఎక్కించారు?"

"మీవాడే వచ్చాడుగా సెంటు కొట్టుకుని. ముందు ఆ రంగుల బొమ్మలది ఎక్కించాడు, తర్వాత రిపోర్టుది. బొమ్మలే ముందు కనపడాలట."

ఇంకేముంది, అంతా అద్దంలో కనిపించినట్టు కనిపించింది. రంగుపట్టీలు గీయడానికి పాయింట్లు అడ్డమని, నెమలి ప్లగిన్ అంకెలను నిండు అంకెలుగా సరిపెట్టుకుంటుంది. నకలు మీద సరిపెట్టుకున్నన్నాళ్ళు ఎవరికీ నష్టం లేదు. ఇప్పుడు చేతికొచ్చేది అసలు. తను చెరిపేసిన అసలునే తిరిగి అల్మరాలో వదిలేస్తోంది. దాని తర్వాత వచ్చిన రిపోర్టు కోడలు, పాపం, ఉన్నదే అచ్చువేస్తోంది. అయిదు పాయింట్ నాలుగు ఉన్న మనిషికి అయిదు అని రాసిస్తే, మందు రాయాల్సిన డాక్టరు ఇంటికి పొమ్మంటాడు.

మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా పాత ల్యాబుల జాబితా అంతా తిరగేసింది. ముప్ఫై చోట్లా రిపోర్టు ముందు ఎక్కించారు, రంగులు తర్వాత. ఎవరి కాగితమూ చెడలేదు. అది తేల్చుకున్నాకే ఆమె పగ సంగతి ఆలోచించింది. అంతవరకు దాన్ని గుమ్మం బయటే నిలబెట్టింది.

నెమలికి చెబితే? ఇదివరకు రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ వాడు రాత్రికి రాత్రి సరిచేసి, తనే కనిపెట్టానని అందరికీ ఉత్తరం రాసుకున్నాడు.

ఇంటికెళ్ళి అత్తగారి ముందు కూలబడింది. అత్తగారు నోట్లో దారం పెట్టుకునే అంతా విని, దారం తెంపి చెప్పింది.

"నువ్వు చెబితే అది చాడీ అవుతుంది. నీ నోరెందుకు పాడుచేసుకుంటావు? అల్మరాలో చెయ్యి పెట్టిందెవరో అల్మరాయే చెప్పేట్టు చెయ్యలేవూ?"

చీమ వేళ్ళు మడిచి ఏదో లెక్క వేసుకోవడం మొదలుపెట్టింది.

"ఏమే, చెయ్యలేవా?"

"చెయ్యగలనత్తయ్యా. గంటలున్నాయి."

చట్రంలో ఆమె అప్పట్లోనే పెట్టిన ఏర్పాటు ఒకటి ఉంది. ప్రతి కోడలి వంతుకు ముందొక గంట, అయ్యాక ఒక గంట. విందామనుకున్నవాళ్ళు ఎవరైనా వినవచ్చు. నెమలికి ఆ గంటల గొడవ పట్టలేదు కాబట్టి వాటిని ముట్టుకోలేదు. ఫోన్ల గదికి కూడా ఒక్క హక్కు మిగిలింది. సాఫ్ట్‌వేర్‌లో జబ్బు ఎక్కడుందో కనిపెట్టే ప్లగిన్ అయితే ఎవరినీ అడగకుండా కస్టమరుకు పంపవచ్చు.

నాలుగు రోజులు, ఫోన్‌కీ ఫోన్‌కీ మధ్య, కొత్త ప్లగిన్ రాసింది. దాని పేరు సాక్షి. అది ఏమీ అడగదు, ఏమీ ఇవ్వదు. మొదటి గంటకు అల్మరాలో ఏముందో రాసుకుంటుంది. రెండో గంటకు మళ్ళీ చూస్తుంది. ఒకరి వస్తువు ఇంకొకరు మారిస్తే పేరు పెట్టి చెబుతుంది. అంతే. చూసే కళ్ళు, చెప్పే నోరు.

ముందు తన టేబులు మీదే నడిపింది. సాక్షి చూపిన తొలి రెండు వరసలూ ఆమె రాసిన ప్లగిన్ మీదే వచ్చాయి! చీటీ చదివే ప్లగిన్, ఆమె మొదటి ఏడాది రాసింది, ఇంకొకరు పెట్టిన తేదీలో ఖాళీలు కత్తిరిస్తోంది. చెవులు కాలిపోయాయి. అప్పటికప్పుడు సరిచేసింది. పగ తీర్చుకోబోయేవాళ్ళు ముందు తమ గుమ్మం ఊడ్చుకోవాలి. లేకపోతే ఆ చెత్తే ఎదుటివాడు ఎత్తి మొహాన కొడతాడు.

సాక్షిని మేడమ్‌కి పంపించి, ఫోన్లో రెండే మాటలు చెప్పింది. మేడమ్ ఎక్కువ అడగలేదు. "సరే అమ్మాయ్. వాళ్ళు చూపించడానికి వచ్చిన రోజు నడిపిద్దాం" అంది.

ఆ రోజు ఆసుపత్రి మీటింగు గదిలో పద్దెనిమిది మంది. గోడ నిండా తెర. పక్క గదిలో యంత్రం. పెద్దాయన ముందు కుర్చీలో పెన్ను మూత కొరుకుతున్నాడు. తీగలు తగిలించడానికి తీసుకొచ్చిన చీమ వెనక గోడకు ఆనుకుని కూర్చుంది. నెమలి నీలం చొక్కా వేసుకున్నాడు. నలభై నమూనా గొట్టాలు నడిపించి, తెర మీద రంగుపట్టీలు విప్పేసరికి గదంతా ఆహా అంది.

"బొమ్మలు బాగున్నాయి బాబూ" అంది మేడమ్. "మా దగ్గర ఇంకో ప్లగిన్ ఉంది. దాన్ని కూడా కలిపి నడిపించు."

"ఏం చేస్తుంది మేడమ్ అది?"

"ఏం చెయ్యదు. ఊరికే చూస్తుంది."

"అలాంటివి పది పెట్టుకోండి మేడమ్! నేను కట్టిన చట్రంలో ఒకదాని జోలికి ఇంకోటి రానే రాదు."

చీమ ఒళ్ళో చేతులు ముడుచుకుంది. ఆ మాట కూడా వాడి నోటితోనే వచ్చేసింది, అడగకుండానే.

నడిపించాడు. తెర మీద వరసలు మొదలయ్యాయి. వస్తువు: అంకెలు. సొంతదారు: యంత్రం ప్లగిన్. మార్చినది: రంగుపట్టీల ప్లగిన్. ముందు 5.4, తర్వాత 5. దాని కింద ఇంకోటి. ముందు 3.4, తర్వాత 3. దాని కింద ఇంకోటి. నలభై గొట్టాలకు ముప్ఫై ఏడు వరసలు, నీలం చొక్కా మీదుగా పాకుతూ పోయాయి.

"ఇది... ఈ కొత్త ప్లగిన్‌లోనే ఏదో తప్పుంది" అన్నాడు నెమలి.

"సరే, దాన్ని తీసెయ్" అంది మేడమ్. "రిపోర్టు అచ్చు కొట్టు. యంత్రం పక్కన పెట్టి చూద్దాం."

కొట్టారు. పెట్టి చూశారు. యంత్రం మీద అయిదు పాయింట్ నాలుగు, కాగితం మీద అయిదు.

"అది ఊరికే చూసింది బాబూ" అంది మేడమ్. "మింగింది నీదే."

పెద్దాయన పెన్ను మూత నోట్లోంచి తీశాడు. "ఇప్పుడే సరిచెయ్."

నెమలి వంగి, తను మాన్పించిన నకళ్ళను మళ్ళీ మొదలుపెట్టించాడు. తెర మీద రంగులన్నీ ఒక్కసారి పోయాయి. ఖాళీ తెల్లతెర. ఏడు నెలల్లో వాడు రాసిన పదకొండు ప్లగిన్లూ, ఏం కావాలో ఏం ఇస్తాయో సరిగా చెప్పకుండానే, అసలు వస్తువుల మీదే గీతలు గీసి ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటున్నాయి. నకళ్ళు వచ్చేసరికి ఎవరి గీత వాళ్ళ కాగితం మీదే మిగిలింది. ఏ కోడలికీ ఏమీ అందలేదు. వాడు ఇటు నొక్కాడు, అటు నొక్కాడు. తేలు కుట్టిన దొంగలా కిమ్మనకుండా నిలబడ్డాడు.

"అసలు దీన్ని కట్టినవాళ్ళెవరు? వాళ్ళని పిలవండి" అంది మేడమ్.

పెద్దాయన మెడ మెల్లిగా వెనక్కి తిరిగింది.

"అమ్మా, ఒకసారి ఇలా వచ్చి చూడు."

చీమ లేవలేదు. "ఫోన్ల గదిదాన్నండీ నేను. మేడమ్ అడిగింది కట్టినవాళ్ళని."

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "ఈవిడేనండీ కట్టింది."

"ఏంటండీ? వినపడలేదు" అంది మేడమ్, చక్కగా వినపడినా.

"మొత్తం ఈవిడే కట్టింది."

అప్పుడు లేచింది చీమ. నెమలి కుర్చీ దగ్గర నిలబడి, వాడు లేచేదాకా ఆగి, కూర్చుంది.

బయటికి వచ్చాక కారు దగ్గర పెద్దాయన, "నీ చట్రం నువ్వే చూసుకో తల్లీ. అతన్ని రేపే పంపించేస్తాను" అన్నాడు.

"వద్దండీ. ఉంచండి."

"నీ మనసు వెన్నమ్మా."

"వెన్నా లేదు, గిన్నా లేదు. ఆ పదకొండు ప్లగిన్లూ అతనే తిరగరాయాలి. ఒక్కొక్కటీ నా టేబులు మీదికి రావాలి. నేను సరే అంటేనే చట్రంలోకి."

అలా మొదలైంది అసలు పండగ. నెమలి రోజూ పొద్దున్నే వచ్చి నిలబడేవాడు. అక్కా అనడం పోయి మేడమ్ అనడం వచ్చింది. చీమ చదివేది. ఒక చోట వేలు పెట్టేది. "కావలసినవి మూడన్నావు. నాలుగోది ఎందుకు తీసుకున్నావు? మళ్ళీ రాయి." మర్నాడు ఇంకో చోట వేలు. "ఇస్తానన్నది ఇవ్వలేదు. మళ్ళీ రాయి." ఒకే కాగితంలో నాలుగు తప్పులు కనిపిస్తే ఒక్కటే చెప్పేది. మిగతా మూడూ రేపటికి, ఎల్లుండికి, ఆవలెల్లుండికి దాచుకునేది. మొదటి ప్లగిన్ ఏడుసార్లు వెనక్కి పోయింది. రెండోది తొమ్మిదిసార్లు. వాడి చొక్కాల రంగులు తగ్గాయి. సెంటు మానేశాడు.

ఇంటికొచ్చి చెబితే అత్తగారు కుట్టుమిషను మీద వేళ్ళతో తాళం వేసేది. "ఇవాళ ఎన్నిసార్లే?"

"రెండు."

"రెండేనా? చేతికి జబ్బు చేసిందా?"

మూడో వారంలో ల్యాబు మేడమ్ ఫోన్ చేసింది.

"అమ్మాయ్, నా తేదీ జరుగుతోంది. ఇంకా రెండే పూర్తయ్యాయట?"

"అతను సరిగా రాయట్లేదండీ."

"ఒకదాంట్లో తప్పులన్నీ ఒకేసారి చెబుతున్నావా?"

చీమ చేతిలోని కాగితాన్ని బోర్లా తిప్పి పెట్టింది.

"నాకు తెలుసులే. నేనూ ఉద్యోగం చేసినదాన్నే, నాకూ తగిలాడు ఇలాంటివాడొకడు. కానీ నీ పగ నా గొట్టాల మీద తీర్చుకోకు. ఇక్కడ మావాళ్ళు రోగుల అంకెలు పాత పుస్తకాల్లో రాసుకుంటూ బండి లాగిస్తున్నారు. నాలుగుంటే నాలుగూ చెప్పు."

ఆ రోజునుంచి నాలుగుంటే నాలుగూ చెప్పింది, పళ్ళు కొరుకుతూ. వెనక్కి పోవడం తొమ్మిది నుంచి అయిదుకు, అయిదు నుంచి రెండుకు పడింది. వాడు నేర్చుకుంటున్నాడు. అది ఆమెకు అస్సలు నచ్చలేదు.

తొమ్మిదో ప్లగిన్ ఒక మంగళవారం తెచ్చాడు. చీమ పైనుంచి కిందికి చదివింది. కిందినుంచి పైకి చదివింది. కావలసినవన్నీ చెప్పాడు, ఇస్తానన్నవన్నీ ఇచ్చాడు. ఎవరి వస్తువూ ముట్టుకోలేదు. సాక్షిని పెట్టి రెండు వందల గొట్టాలు నడిపింది. ఒక్క వరస కూడా రాలేదు. నెమలి నిలబడే ఉన్నాడు. కిటికీ బయట ఎండ గోడ దిగి నేల మీదికి వచ్చింది. జనం సంచులు సర్దుకుని వెళ్ళిపోతున్నారు.

"ఇంకేమైనా ఉందా మేడమ్?" అన్నాడు.

"లేదు."

"బాగుందా అయితే?"

దానికి జవాబు చెప్పలేదు. చెప్పడానికి ఆమె అంత మంచిదేం కాదు. సరే అన్న మీట నొక్కి, "పో" అంది.

ఆ పూట కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతూ ఉండిపోయింది. అత్తగారు నీళ్ళ చెంబు పెడుతూ మొహంలోకి వంగి చూసింది.

"ఏమైందే? ఒంట్లో బాగాలేదా?"

"తప్పు దొరకలేదత్తయ్యా."

అత్తగారు పక్కన చతికిలబడి వీపు నిమిరింది.

"బెంగపెట్టుకోకే పిచ్చితల్లీ. ఇంకా రెండున్నాయిగా."